తక్కువ కరెంటుతో చల్లగా ఉండే ఇల్లు కట్టించాం: నా అనుభవం

మా ఇంటికి కరెంటు తక్కువ ఖర్చవుతుందని చెప్పగానే ఎవరైనా వెంటనే అడిగేది, సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించారు అని. పెట్టించాం, కానీ అన్నిటికన్నా చివర్లో. అంతకుముందు గోడ, శ్లాబు, కిటికీ, నీడ అంటూ నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాం, మేస్త్రీతో వాదించాం, ఇంట్లో వాళ్లతో అంతకన్నా ఎక్కువ వాదించాం. వేడిని లోపలికి రానిచ్చి, ఏసీ పెట్టి దాన్ని బయటికి తోడిపోసి, ఆ తోడే పనికి కావలసిన కరెంటు కోసం మేడ మీద ప్యానెళ్లు పెట్టుకోవడం నాకు నచ్చలేదు. అసలు రాకుండా ఆపితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

గీత గీసే దశలోనే చాలా భాగం తేలిపోతుంది. మా స్థలానికి రోడ్డు పడమర వైపు ఉంది. ఆర్కిటెక్ట్ మొదట తెచ్చిన డ్రాయింగులో ముందు గోడ అంతా అద్దాలే, చూడ్డానికి బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు సన్‌షేడ్ పనిచేస్తుంది గానీ సాయంత్రం కిందికి దిగాక ఎండ దాని కింద నుంచి నేరుగా గదిలోకి వస్తుంది, ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా అంతే. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లకి దక్షిణం కిటికీతో పెద్దగా ఇబ్బంది లేదు, మామూలు సన్‌షేడ్‌తో ఎండాకాలం గడిచిపోతుంది. తంటా అంతా తూర్పు, పడమరలతోనే, అందులోనూ పడమరతో ఎక్కువ, ఎందుకంటే ఆ ఎండ తగిలేసరికి ఇల్లు అప్పటికే పొద్దుటి నుంచీ వేడెక్కి ఉంటుంది. అందుకని మెట్లు, బాత్రూమ్‌లు, స్టోర్ రూమ్ అన్నీ పడమరకు జరిపి పడకగదులను అవతలికి పంపాం. ఆర్కిటెక్ట్ కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు, తర్వాత ముందు గోడకి నిలువు పలకలు పెట్టి ఎలివేషన్ కూడా బాగానే కుదిర్చాడు.

గోడలకి ఏఏసీ బ్లాకులు, అంటే లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు వాడాం. అదే మందంలో మామూలు ఇటుక గోడతో పోలిస్తే వేడి దాదాపు నాలుగో వంతే దాటుతుంది, బరువు కూడా చాలా తక్కువ. ఇటుకకి అలవాటుపడ్డ మేస్త్రీలు వీటినీ నీళ్లలో నానబెట్టేస్తారు, అలా చేయకూడదు, పైన కాస్త చిలకరిస్తే చాలు. అతుకులకి మందంగా సిమెంటు పూస్తే వేడి ఆ అతుకుల దారినే వస్తుంది కాబట్టి బ్లాకుల కోసం వచ్చే అంటుతో సన్నగా అతికించాలి. పిల్లరు, గోడ కలిసే చోట ప్లాస్టరింగుకి ముందు మెష్ కొట్టించాం, లేకపోతే అక్కడ చీలికలు తప్పవు. అన్నట్టు, బరువైన అల్మారాలు తగిలించాలంటే ఈ గోడలకి మామూలు మేకులు ఆగవు, దానికి వేరే యాంకర్లు ఉంటాయి.

అసలు కథ శ్లాబుది. పై అంతస్తులో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, రాత్రి బాగా పొద్దుపోయాక కూడా సీలింగు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. పగలంతా కాంక్రీటు ఎండని తాగి, మనం పడుకునే వేళకి లోపలికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే మొహాన కొడుతుంది. మందం పెంచితే సరిపోతుంది కదా అని మా నాన్న అన్నారు. లెక్క వేసి చూపించాను: 5 సెంటీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలక (థర్మాకోల్ లాంటిదే, ఇంకా గట్టిది) వేడిని ఎంత ఆపుతుందో అంత కాంక్రీటుతో ఆపాలంటే శ్లాబు రెండు మీటర్లకు పైగా మందం ఉండాలి. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

పలకలు ఇంటి లోపల సీలింగుకి కాకుండా శ్లాబు పైన వేయించాం. పైన వేస్తే ఎండ కాంక్రీటుకి తగలదు, శ్లాబు రోజంతా ఒకే రకంగా ఉంటుంది, సాగడం కుంచించుకోవడం తగ్గి పగుళ్లు కూడా తగ్గుతాయి. ముందు వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలగట్టి కారడం లేదని తేల్చుకున్నాకే పలకలు, వాటి మీద రక్షణగా సింథటిక్ గుడ్డ, ఆపైన సన్నటి కాంక్రీటు పొర, అన్నిటి మీదా తెల్లటి టైల్స్. పలకల అతుకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అంచుల్లో గాడి ఉన్నవే తీసుకోండి. ఈ వరసలో ఒక్కటి తప్పినా తర్వాత నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టుకోవడం నరకం. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ మేడ మీదికి తీసుకెళ్లాల్సిన పైపులన్నీ ముందే వేయించేయాలి, ఎందుకంటే అంతా అయ్యాక డ్రిల్ పట్టుకొని వచ్చి ఒక్క కన్నమేగా అంటారు. ఆ పని జరిగినన్నాళ్లూ ఇంట్లోవాళ్లం ఎవరో ఒకరం సైట్‌లోనే ఉన్నాం.

కిటికీలకి డబుల్ గ్లాస్ అన్నిచోట్లా అక్కర్లేదని నా అభిప్రాయం. చలి దేశాల్లో లోపలి వెచ్చదనం పోకుండా అది తప్పనిసరి, మాలాగా ఎండలు కాసే చోట మాత్రం ముందు అద్దం మీద ఎండే పడకుండా చూసుకోవాలి. లోపల ఎంత మందపాటి కర్టెన్ వేసినా ఎండ అద్దం దాటాక వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే. అందుకే డబ్బు బయటి నీడ మీద పెట్టి, పడమర వైపు రెండు కిటికీలకి మాత్రం డబుల్ గ్లాస్ తీసుకున్నాం.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన మొదటి పాసివ్ హౌస్ (చాలా తక్కువ శక్తితోనే సౌకర్యంగా ఉండేలా కట్టే ఇల్లు) గురించి చదివినప్పుడు నన్ను ఆకట్టుకుంది గాలి సందుల విషయం. ఆ పద్ధతిలో ఇంటిని వెచ్చగా ఉంచడానికి చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్లు దాటకూడదు, లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ గాలి ఒత్తిడి తేడా పెట్టి పరీక్షిస్తే సందుల్లోంచి గంటకి కారే గాలి ఇంటి ఘనపరిమాణంలో 0.6 రెట్లకు మించకూడదు. మనం అంత దూరం పోనక్కర్లేదు. కానీ అగరుబత్తి వెలిగించి తలుపు కింద, కిటికీ ఫ్రేముల పక్కన, ఏసీ పైపు దూరిన కన్నం దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతుందో చూసి నోరు వెళ్లబెట్టాం. సిలికాన్, రబ్బరు పట్టీలతో పోయే సమస్య అది. అలాగని ఇంటిని సీసాలా మూసేయకూడదు, పడకగదికి తాజా గాలి వచ్చే దారి ఉండాలి.

గాలి అంటే గుర్తొచ్చింది, ఇంట్లో పెద్ద గొడవ దీని మీదే. మా అమ్మకి పగలు కిటికీలు మూసి ఉంటే ఊపిరాడదు. బయట లోపలికన్నా వేడిగా ఉన్నప్పుడు తెరిస్తే మనమే వేడిని పిలిచినట్టు అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి లోపల ఒకటి, వరండాలో ఒకటి థర్మామీటర్లు తగిలించాను, ఇప్పుడు ఆవిడే చూసి మూయిస్తుంది, తెరిపిస్తుంది. చీకటిపడి బయట చల్లబడ్డాక మెట్ల గది పైనున్న కిటికీ, కింది కిటికీలు తెరిస్తే వేడిగాలి పైకెళ్లిపోయి కింది నుంచి చల్లగాలి లాగుతుంది.

ఇవన్నీ అయ్యాకే సామాన్ల జోలికి వెళ్లాం. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకునే చోట బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారు ఉన్నది) 30 వాట్ల దగ్గర ఉంటుంది, రోజంతా తిరిగే వస్తువు కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. ఏసీ అమ్మేవాళ్లు గది చదరపు అడుగులు మాత్రమే అడిగి టన్నులు చెప్పేస్తారు, పైన ఫోమ్ ఉందా, పడమర అద్దం ఉందా అని అడగరు. టన్ను అంటే 3.5 కిలోవాట్ల చల్లదనం, మా గదికి వాళ్లు చెప్పినదానికన్నా చిన్నదే పెట్టాం, సరిపోతోంది.

సోలార్ సైజు కూడా అందుకే తగ్గింది. ఎండ బాగా ఉన్న రోజు కిలోవాటుకి 4 యూనిట్ల లెక్కన వేసుకున్నాం. నీడ ప్యానెళ్ల మీద పడకుండా నీళ్ల ట్యాంకు, మెట్ల గది వాటికి ఉత్తరం వైపు ఉండేలా పెట్టమని ప్లాన్‌లోనే చెప్పాలి, ఎందుకంటే ఒక ప్యానెల్ మూల మీద నీడ పడినా ఆ వరస మొత్తం ఉత్పత్తి తగ్గే అవకాశం ఉంది.

మెట్ల పక్క గది మాత్రం సాయంత్రం పూట ఇప్పటికీ కాస్త వేడెక్కుతుంది. అక్కడ బయట ఒక తడిక కట్టి తీగ పాకిద్దామని మా ఆవిడ, మడిచే షట్టర్ పెడదామని నేను. ఇంకా తేలలేదు.