గొంతు మీద మచ్చ లేదు

మా ఆయన నా గొంతు పట్టుకున్నది సోమవారం రాత్రి. పది సెకన్లు ఉంటుందేమో, కళ్ళు చీకట్లు కమ్మి తెలివి తప్పింది. తెల్లారి అద్దంలో చూసుకుంటే మచ్చ లేదు. గొంతు పిసికితే ఆ బాధితుల్లో చాలామందికి పైకి ఏ గుర్తూ ఉండదని తర్వాత తెలిసింది. గొంతు మాత్రం బొంగురుపోయింది, మెతుకు మింగాలంటే నొప్పి.

మొదటి ఆసుపత్రిలో డాక్టరు అడిగిన ప్రతిదానికీ మా ఆయనే జవాబు చెప్పాడు. "ఆమెకు ఇంగ్లిష్ సరిగా రాదు" అన్నాడు. "జలుబు చేసినట్టుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించమనండి" అని డాక్టరు ఆయనతోనే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమెరికాలో ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఫోనులోనైనా సరే. నాకెవరూ ఆ సంగతి చెప్పలేదు.

మూడో రాత్రి ఎడమ మెడ నుంచి కణత దాకా ఒకటే పోటు. ఎడమ కనురెప్ప వాలిపోయింది. ఆ కంటి పాప రెండోదానికన్నా చిన్నగా కనబడింది. పక్కింటివాళ్ళు చూసి గట్టిగా అంటే వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆయన్ని ఇన్సూరెన్స్ కాగితాల కోసం కౌంటరుకు పంపి, తలుపు వేసి, ఫోనులో తెలుగు దుబాసీని కలిపి అడిగింది: "ఎవరైనా మీ మెడ పట్టుకున్నారా?" కొట్టారా అని అడిగితే లేదనేదాన్ని. కొట్టలేదు మరి. మెడ అనేసరికి ఏడుపు ఆగలేదు.

సీటీ యాంజియోలో, అంటే రక్తనాళాల స్కాన్‌లో తేలింది: మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే ఎడమ కెరోటిడ్ ధమని లోపలి పొర చిరిగింది. అక్కడ కట్టిన గడ్డ మెదడులోకి పోతే పక్షవాతమే. ఇది రోజులు, వారాలు గడిచాక కూడా రావచ్చు. మెడ మీద చెయ్యి పడ్డాక గొంతు మారినా, మింగడం కష్టమైనా, తెలివి తప్పినా, కంట్లో ఎర్రచుక్కలు కనబడినా ఆ స్కాన్ అడిగి చేయించుకోండి. మచ్చలు రెండో మూడో రోజుకు తేలతాయి కాబట్టి రోజూ ఫొటో తీయించుకోండి. నాకు రోజుకో ఆస్పిరిన్ ఇచ్చారు. మూడు నెలలకు మళ్ళీ స్కాన్ తీస్తే పొర అతుక్కుంది.

నర్సు ఇంట్లో హింసకు గురైనవాళ్ళ జాతీయ సహాయ నంబరు రాసిచ్చింది: 1-800-799-7233. రాత్రీ పగలూ పలుకుతారు, మన భాష పేరు చెబితే దుబాసీని కలుపుతారు. మీ ఫోను బిల్లులో ఆ నంబరు పడొచ్చు, వేరేవాళ్ళ ఫోను నుంచి చేయండి. న్యూజెర్సీలో 1985 నుంచి ఉన్న మానవి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి, నారిక మనవాళ్ళ గడప తెలిసిన సంస్థలు.

ఇల్లు వదిలాక నేనున్న షెల్టరులో నా గదిలో ఉన్నది మనీలా అమ్మాయి. నన్ను 'ఆతె' అనేది, వాళ్ళ భాషలో అక్క. అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడబోయేవాళ్ళకిచ్చే కె-1 వీసా మీద వచ్చి 90 రోజుల్లోపే పెళ్ళి చేసుకుంది. మొగుడు పౌరుడు, గ్రీన్‌కార్డు కాగితాలు పెట్టకుండా వాటితోనే బెదిరించేవాడు. హింసకు గురైన భార్య గ్రీన్‌కార్డు దారి కోసం తానే పెట్టుకునే ఐ-360 దరఖాస్తు ఆమె సొంతంగా పెట్టుకుంది. దానికి ఫీజు లేదు, మొగుడి సంతకం అక్కర్లేదు, ఆ సంగతి అతనికి చెప్పకూడదని చట్టం. కలిసి బతికినట్టు ఇంటి లీజు, బ్యాంకు కాగితాలు, హింస జరిగినట్టు ఆసుపత్రి రికార్డు లాంటి ఆధారాలు పెట్టాలి. విడాకులైతే రెండేళ్ళలోపే పెట్టాలి.

మా ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద ఆధారపడ్డ భార్య వీసా, హెచ్-4. పౌరుడూ కాడు, గ్రీన్‌కార్డూ లేదు, కాబట్టి ఐ-360 నాకు వర్తించదు. నాకున్నవి రెండు దారులు. ఒకటి, హింసకు గురైన హెచ్-4 భార్యలు పని అనుమతి కోసం పెట్టే ఐ-765వి. రెండోది నేర బాధితులకిచ్చే యు వీసా. దానికి నేరం మీద సహకరించానని పోలీసులు సంతకం చేయాలి, ఆ సంతకమైన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేరాలి. ఏడాదికి 10,000 మందికే ఇస్తారు గనక ఏళ్ళ తరబడి ఆగాలి. విడాకులతో హెచ్-4 పోతుంది. లాయరుతో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

"సర్దుకుపోవాలమ్మా" అన్న మా అమ్మ, స్కాన్ రిపోర్టు చదివించుకున్నాక మళ్ళీ ఆ మాట అనలేదు.

పొర అతుక్కుంటే తలనీలాలిస్తానని ఏడుకొండలవాడికి స్కాన్ తీసిన రాత్రే మొక్కుకున్నాను. దరఖాస్తు తేలేదాకా దేశం దాటొద్దని లాయరు గారు చెప్పారు. మొక్కు అలాగే ఉంది.