లారీ ట్యూబు ముక్క, బూటు పాలిష్, పాత కెమెరా: మూడో వారం

ట్యూబు రబ్బరు ముక్కకి బరువు వేలాడదీసి, అది ఎంత సాగిందో ఫొటోలతో కొలుస్తున్నాను. ముందు సైకిల్ ట్యూబుతో మొదలుపెట్టి, మొన్నటిదాకా 0.31 దగ్గరే ఇరుక్కుపోయాను. రబ్బరు పాయిజాన్ నిష్పత్తి (పొడవు సాగిన శాతంలో ఎన్నో వంతు వెడల్పు తగ్గిందో చెప్పే సంఖ్య) 0.5కి కాస్త అటూఇటూగా రావాలి. పొడవు సాగిన మేరకు వెడల్పూ మందమూ తగ్గి, ఘనపరిమాణం దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి. నాకు మాత్రం నాలుగుసార్లు చేసినా 0.31, 0.33. నా ప్రోగ్రాంలోనే తప్పుందని రెండు రాత్రులు దాంతో కుస్తీ పట్టాను. తీరా చూస్తే తప్పు సైకిల్ ట్యూబుది.

పద్ధతి పేరు డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. 1980ల మొదట్లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. వస్తువు మీద చుక్కలు చల్లి, బరువు వేయకముందు ఒక ఫొటో, వేశాక ఒకటి. మొదటి ఫొటోలోని చిన్న గడిలో ఉన్న చుక్కల గుంపు రెండో ఫొటోలో ఎక్కడికి జరిగిందో కంప్యూటర్ వెతికి పెడుతుంది. నేను పైథాన్ భాషలో, ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీలోని టెంప్లేట్ మ్యాచింగ్ (ఒక బొమ్మ ముక్కని ఇంకో బొమ్మలో వెతకడం) వాడుతున్నాను. అది పూర్తి పిక్సెళ్లలోనే జవాబు ఇస్తుంది. పోలిక బాగా కుదిరిన చోటు చుట్టూ ఒక పారాబోలా (గిన్నె ఆకారపు వంపు గీత) అమరిస్తే పిక్సెల్‌లో పదో వంతు కన్నా చిన్న జరుగుడు కూడా పట్టుకోవచ్చు.

చుక్కల దగ్గరే ఎక్కువ రోజులు పోయాయి. ముందు తెల్ల రంగు పూత వేసి దాని మీద నల్ల చుక్కలు చల్లాను. ముక్క సాగగానే పూతంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. ఇప్పుడు పూత లేదు. రబ్బరు ఎలాగూ నలుపే. కాన్వాస్ బూట్లకి వేసే తెల్ల పాలిష్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి, బాగా దులిపి, బొటనవేలితో కుచ్చు వెనక్కి లాగి వదలడమే. దులపకపోతే బొట్లు బఠాణీ గింజలంత పడతాయి. ఒక్కో చుక్క ఫొటోలో 3 నుంచి 5 పిక్సెళ్లుంటే మేలు. నా అమరికలో పిక్సెల్ అంటే ముక్క మీద 0.16 మి.మీ., కాబట్టి అర మిల్లీమీటరు దాటిన చుక్కలు కావాలి. ముక్క మీద వేసే ముందు పాత పేపరు మీద నాలుగు విసుర్లు విసిరి చూసుకుంటున్నాను.

మొదటి వారం ఫోన్‌తో, అర మీటరు దూరం నుంచి తీశాను. బరువేమీ వేయకుండానే 0.15 శాతం సాగినట్టు చూపించింది! కొంత ఆటోఫోకస్ పుణ్యం, మిగతాది ఫ్యాన్ గాలికి ముక్క ఊగడం. 500 మి.మీ. దూరంలో ముక్క 1 మి.మీ. ముందుకొస్తే చాలు, బొమ్మ 0.2 శాతం పెద్దదవుతుంది. ప్రోగ్రాంకి అది సాగుడే. అందుకే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కి 50 మి.మీ. లెన్స్ పెట్టి 2 మీటర్లు వెనక్కి జరిగాను. అదే కదలికకి ఇప్పుడు 0.05 శాతమే. మాన్యువల్ ఫోకస్, రెండు సెకన్ల టైమర్, ట్యూబులైటు మిణుకు తగలకుండా షట్టర్ 1/50 సెకను. ఫ్యాన్ కట్టేస్తే "ఎండాకాలంలో ఇదేం పిచ్చిరా నాయనా" అని అమ్మ గొడవ. ముట్టుకోకుండా తీసిన రెండు ఫొటోల మధ్య తేడా ఇప్పుడు 0.04 పిక్సెల్.

ఇక 0.31 సంగతి. సైకిల్ ట్యూబు సన్నని గొట్టం, కోసినా దాని వంపు పోదు. బరువు పడగానే ఆ వంపు విచ్చుకుంటుంది. ఎదురుగా ఉన్న కెమెరాకి వెడల్పు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజంగా తగ్గిన వెడల్పులో కొంత అలా మాయమైపోతోంది. ముక్కని పక్కనుంచి చూసినప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు.

పంక్చర్ షాపుకి వెళ్లి లారీ ట్యూబు అడిగాను. "ఇది దేనికీ పనికిరాదు సార్, ఏం చేసుకుంటారు?" అంటూనే డబ్బు తీసుకోకుండా మూరెడు ముక్క కోసిచ్చాడు. గొట్టం పెద్దది కాబట్టి ముక్క దాదాపు చదునుగా ఉంది. వెడల్పు 30 మి.మీ., రెండు బిగింపుల మధ్య 180. బిగింపుల దగ్గర వెడల్పు తగ్గడానికి వీలుండదు కనుక మధ్యలోని 60 మి.మీ. మాత్రమే లెక్కకి తీసుకున్నాను. కింద సీసా వేలాడదీసి, 100 మి.లీ. చొప్పున తొమ్మిదిసార్లు నీళ్లు పోశాను. పోసిన ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగాలి, రబ్బరు ఇంకా కొంచెం కొంచెం సాగుతూనే ఉంటుంది. మొదటి ఫొటోని నేరుగా చివరిదానితో పోలిస్తే చాలా గడులు దొరకడం లేదు, అందుకని వరుసగా పక్కపక్క ఫొటోలు పోల్చి ఆ జరుగుళ్లన్నీ కలిపాను.

పొడవు 9.8 శాతం పెరిగింది, వెడల్పు 4.5 శాతం తగ్గింది. నేరుగా భాగిస్తే 0.46. మళ్లీ నీరసం వచ్చింది. కానీ ఇంత సాగుడికి లాగరిథమ్‌తో లెక్క కట్టాలి, అంటే పొడవు, వెడల్పు ఎన్ని రెట్లయ్యాయో వాటి లాగరిథమ్‌లు తీసి భాగించాలి. ఆదర్శ రబ్బరైనా 10 శాతం దగ్గర మామూలు లెక్కలో 0.465కి మించదు. లాగరిథమ్‌తో కడితే నాది 0.49!

స్టీలు జోలికి పోను. మెత్తని స్టీలు 0.12 శాతం సాగేసరికే లొంగిపోతుంది (ఇక పూర్తిగా పాత పొడవుకి రాదు), నా కెమెరాకి అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదు.

నిన్న ఆఫీసు పంచింగ్ మెషిన్‌తో ఇంకో ముక్క మధ్యలో 6 మి.మీ. బెజ్జం పెట్టాను. బెజ్జం అంచున సాగుడు ఎన్ని రెట్లు పెరుగుతుందో చూడాలి. చుక్కలు ఆరాక గుర్తొచ్చింది, నా గడి 31 పిక్సెళ్లు, అంటే దాదాపు 5 మి.మీ. బెజ్జమంత గడి! కెమెరా దగ్గరికి జరపాలి, చుక్కలు ఇంకా సన్నగా పడాలి. మెత్తటి బ్రష్ కొనాలి.