ఊదా రంగు కేబుల్ వెంట: మేళ్లచెరువు ప్రయాణం

కోదాడ దగ్గర విజయవాడ హైవే వదిలి మేళ్లచెరువు దారి పడితే కాసేపు వరి పొలాలు కనిపిస్తాయి, ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు మొదలవుతాయి. నేల అడుగున సున్నపురాయి ఉంది కాబట్టే హుజూర్‌నగర్ నుంచి జగ్గయ్యపేట దాకా ఇన్ని ఫ్యాక్టరీలు వెలిశాయి. హైదరాబాద్ నుంచి నేను బయల్దేరింది వాటిలో ఒకదాని ప్యాకింగ్ ప్లాంటు పని మీద. అక్కడ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి పాత పీఎల్‌సీ తీసేసి, సీమెన్స్ వాళ్ల కొత్త పీఎల్‌సీ ఎస్7-1200 పెడుతున్నారు. దాన్ని ప్లాంటులోని డ్రైవ్‌లతో (మోటార్ల వేగం మార్చే పరికరాలు), రిమోట్ ఐఓ స్టేషన్లతో (దూరంగా ఉన్న సెన్సర్లను, స్విచ్చులను పీఎల్‌సీకి కలిపే పెట్టెలు) మాట్లాడించే కమ్యూనికేషన్ మాడ్యూల్ బాధ్యత నాది.

గేటు బయట అప్పటికే లారీలు బారులు తీరి ఉన్నాయి. షట్‌డౌన్ అని తెలిసినా, ముందు వచ్చిన బండికే ముందు లోడింగ్ కాబట్టి డ్రైవర్లు వచ్చేసి చెట్ల కింద వంటలు పెట్టుకున్నారు. లోపల ప్లాంటు ఆగితే బయట వీళ్ల సంపాదనా ఆగిపోతుంది, బస్తాలెత్తే హమాలీల కూలీ ఆగిపోతుంది. ఇలాంటి పనికి వెళ్లినప్పుడల్లా నాకు ముందు గుర్తుకొచ్చేది అదే.

ఇక్కడ పరికరాలు మాట్లాడుకునేది ప్రొఫీబస్ అనే పద్ధతిలో, ఊదా రంగు కేబుల్ మీద. ఈ రోజుల్లో ప్రొఫీబస్ ఎందుకు, ఈథర్‌నెట్ మీద నడిచే కొత్త ప్రొఫీనెట్ పెట్టుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. కొత్తగా కట్టే ప్లాంటుకైతే నేనూ అదే చెబుతాను. కానీ ఇక్కడ డ్రైవ్‌లన్నీ ప్రొఫీబస్‌వే, కేబుల్ వేసి ఉంది, అవన్నీ బాగా పనిచేస్తున్నాయి. 1987లో జర్మనీలో మొదలైన ఈ పద్ధతి ఇప్పటికీ మన ఫ్యాక్టరీల్లో నమ్మకంగా నడుస్తోంది. బాగున్న డ్రైవ్‌లు పీకి పారేయడం కంటే, వాటి భాష తెలిసిన మాడ్యూల్ ఒకటి కొత్త పీఎల్‌సీ పక్కన పెట్టడమే న్యాయం. ఆ మాడ్యూల్ పేరు సీఎం 1243-5, ప్రొఫీబస్ డీపీ మాస్టర్, అంటే లైను మీద మిగతా పరికరాలను (స్లేవ్‌లను) ఒక్కొక్కటిగా పలకరించేది.

బిగించడం తేలికే. ఎస్7-1200లో ఇన్‌పుట్, ఔట్‌పుట్ మాడ్యూళ్లు సీపీయూకి కుడివైపు వస్తాయి, కమ్యూనికేషన్ మాడ్యూళ్లు ఎడమవైపు, అవి మూడుకు మించకూడదు. పవర్ తీసేసి ఎడమ పక్కనున్న చిన్న మూత ఊడదీసి మాడ్యూల్‌ని జతచేయాలి. దీనికి విడిగా 24 వోల్టుల డీసీ ఇవ్వాలి. స్లేవ్ రకం సీఎం 1242-5కి ఆ అవసరం లేదు, అందుకే దానికి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ తడబడుతుంటారు.

సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో మాడ్యూల్‌ని 101వ స్లాట్‌లో పెట్టి, అడ్రస్ 2 ఇచ్చి, డ్రైవ్‌ల జీఎస్‌డీ ఫైళ్లు (పరికరం వివరాలు చెప్పే ఫైళ్లు) ఇన్‌స్టాల్ చేసి, ఒక్కో స్టేషన్‌నీ మాస్టర్‌కి కలిపాను. వేగం దగ్గర చిన్న చర్చ జరిగింది. 12 ఎంబీపీఎస్ (సెకనుకు 12 మెగాబిట్లు) దాకా పెట్టుకోవచ్చు కదా అన్నారొకరు. ఆ వేగంతో ఒక సెగ్మెంట్, అంటే ఏకబిగిన వెళ్లే ఒక కేబుల్ లైను, 100 మీటర్లు దాటకూడదు. 1.5 ఎంబీపీఎస్‌కైతే 200 మీటర్లు, 500 కేబీపీఎస్‌కి 400. ఇక్కడ కేబుల్ 300 మీటర్ల పైనే ఉంది. బస్తాలు లెక్కపెట్టడానికి, కన్వేయర్ వేగం మార్చడానికి 500 కేబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. అదే పెట్టాను.

డౌన్‌లోడ్ చేయగానే కింది అంతస్తు డ్రైవ్‌లు, ప్యాకర్ దగ్గరి రిమోట్ ఐఓ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. ఆ పైన ఏదీ రాలేదు. జల్లెడ అంతస్తు, బకెట్ ఎలివేటర్ పైభాగం, అన్నిటికీ స్క్రీన్ మీద ఎర్ర గుర్తులే. స్టేషన్ల మీద లైను లోపం చెప్పే బీఎఫ్ (బస్ ఫాల్ట్) లైట్లు వెలుగుతున్నాయి. మాడ్యూల్‌ది తప్పని, మార్చాలని ఒక మాట బయల్దేరింది. సగం లైను బాగా నడుస్తుంటే మాడ్యూల్‌ని అనుమానించడం నాకు సబబు అనిపించలేదు.

అప్పుడు ఎలక్ట్రికల్ విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్న పెద్దాయన ఒకరు ముందుకొచ్చారు. "సార్, ఈ ఊదా వైరు పోయిన తోవంతా నాకెరికే. రాండి, చూపిస్తా" అన్నారు. "పదన్నా" అని మల్టీమీటర్ పట్టుకుని ఆయన వెనకే నడిచాను. పర్మిట్ తీసుకుని, పవర్ ఆపి, ఎవరూ తిరిగి ఆన్ చేయకుండా లాకౌట్ తాళాలు వేసి, మూతికి మాస్కులు కట్టుకుని బయల్దేరాం. నా దృష్టిలో అసలు ప్రయాణం అదే.

ఆ ప్లాంటులో మెట్లు, ట్రేలు, ప్యానెళ్లు అన్నిటి మీదా బూడిద రంగు పొడి మందంగా పేరుకుని ఉంటుంది. ఒక్కో అంతస్తులో చిన్న ప్యానెల్, దాంట్లోకి ఒక ఊదా కేబుల్ వచ్చి, ఇంకొకటి పైకి వెళ్తుంది. హెల్పర్లు అప్పటికే కనెక్టర్లన్నీ పరికరాల నుంచి లాగి వేలాడదీసి ఉంచారు.

ప్రొఫీబస్ లైనుకి రెండు చివర్లా టెర్మినేషన్, అంటే సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్లు, ఉండాలి. కనెక్టర్ మీది చిన్న స్విచ్చు ఆన్ చేస్తే ఎర్ర తీగకీ ఆకుపచ్చ తీగకీ మధ్య 220 ఓముల రెసిస్టర్ పడుతుంది. రెండు చివర్లా పడితే మీటరు 110 ఓముల దగ్గర చూపించాలి. కింద ప్యానెల్ దగ్గర కొలిస్తే సరిగ్గా 110 వచ్చింది. చాలామంది అక్కడితో కేబుల్ బాగుందని రాసేస్తారు. పైకి ఎక్కి చివరి డ్రైవ్ దగ్గర కొలిస్తే మాత్రం 220. అంటే పై చివరకి తన రెసిస్టరే తప్ప అవతలిది కనిపించడం లేదు. మధ్యలో ఎక్కడో లైను తెగింది, కానీ తెగినచోట ఇంకొక రెసిస్టర్ ఉంది కాబట్టి కిందివైపు లెక్క సరిపోతోంది.

ఈ కనెక్టర్లలో స్విచ్చు ఆన్ చేస్తే రెసిస్టర్ రావడమే కాదు, బయటికి వెళ్లే కేబుల్‌ని కనెక్టరే విడదీస్తుంది. చివరి స్టేషన్‌కి అది మేలు, మధ్య స్టేషన్‌కి గొడ్డలిపెట్టు. ఈ మాట చెప్పగానే పెద్దాయన ఇంకేం అడగకుండా ప్యాకర్ అంతస్తుకి దిగి, వేలాడుతున్న కనెక్టర్‌ని గుడ్డతో తుడిచారు. దుమ్ము కింద స్విచ్చు ఆన్‌లో ఉంది. షట్‌డౌన్‌లో ప్యానెల్ దులిపేటప్పుడు ఎవరి చేయో తగిలి జరిగి ఉండాలి. ఆఫ్ చేసి కొలిస్తే రెండు చివర్లా 110.

పవర్ ఇచ్చాక పై స్టేషన్లన్నీ వచ్చాయి, ఒక్క డ్రైవ్ తప్ప. దాని పీపీఓ టైప్ (డ్రైవ్ డేటా ఇచ్చిపుచ్చుకునే నమూనా) మన కాన్ఫిగరేషన్‌తో కలవలేదు. సరిచేస్తే అదీ వచ్చింది.

సాయంత్రం ఊళ్లోని శంభులింగేశ్వర స్వామి గుడికి వెళ్లాను. స్వయంభువుగా వెలసిన లింగం పైభాగంలో చిన్న గుంట, అందులో నీరు ఎప్పుడూ ఉంటుందని ప్రతీతి. శివరాత్రి జాతరకి ఇక్కడ ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఊరు చూసి తీరాలని దుకాణంలో టీ పోస్తూ ఒకాయన ఎంతో ఉత్సాహంగా చెప్పారు. వెళ్లాలనే ఉంది.

మర్నాడు ట్రయల్‌లో ఇంకో చిక్కు. దుమ్ము పీల్చే బ్యాగ్ ఫిల్టర్ ఫ్యాన్ స్టార్ట్ చేసినప్పుడల్లా ప్యాకర్ రిమోట్ ఐఓ ఒక్క క్షణం పోయి వస్తోంది. ఆ క్షణం చాలు, ప్యాకర్ ఆగిపోవడానికి. మళ్లీ కేబుల్ వెంటే నడిచాం. ఫ్యాన్ మోటారు పవర్ కేబుల్, మన కేబుల్ ఒకే ట్రేలో ఒకదానికొకటి ఆనుకుని చాలా దూరం వెళ్తున్నాయి. దానికి తోడు ఒక కనెక్టర్‌లో, బయటి విద్యుత్ అలజడి నుంచి కేబుల్‌ని కాపాడే షీల్డ్ అల్లికను మరీ ఎక్కువగా కోసేయడంతో అది లోపలి లోహపు క్లాంప్‌కి తగలడం లేదు. కేబుల్ తిరిగి ఒలిచి షీల్డ్ క్లాంప్ కింద కూర్చోబెట్టాం. కేబుల్‌ని పవర్ ట్రేలోంచి తీసి, గోడ వెంట విడిగా కట్టించాం. ఆ తర్వాత ఫ్యాన్ ఎన్నిసార్లు వేసినా స్టేషన్ కదలలేదు.

మధ్యాహ్నానికి మొదటి లారీ కన్వేయర్ కిందికి వచ్చింది. 50 కిలోల బస్తాలు వరసగా దిగుతుంటే, స్క్రీన్ మీది లెక్కా హమాలీ మేస్త్రీ లెక్కా ఒకటేనా అని పక్కన నిలబడి చూశాను. ఒకటే.

వచ్చేముందు అడ్రస్‌ల పట్టిక, ఏ రెండు కనెక్టర్ల స్విచ్చులు ఆన్‌లో ఉండాలో రాసిన కాగితం ప్యానెల్ తలుపు లోపల అంటించాను. ప్రాజెక్ట్ బ్యాకప్ వాళ్ల కంప్యూటర్‌లో పెట్టాను. ప్యాకర్ అంతస్తులో ఒక రిపీటర్ (సిగ్నల్‌ని తిరిగి బలపరిచి ముందుకు పంపే పరికరం) పెడితే లైను రెండు సెగ్మెంట్లవుతుంది, పైన లోపం వస్తే కింద లోడింగ్ ఆగదు కదా అని పెద్దాయన అడిగారు. చాలా మంచి ఆలోచన. నా రిపోర్టులో అది మొదటి సిఫార్సుగా రాశాను, దాన్ని సూచించింది ఆయనేనని కూడా రాశాను.