ఒక జ్వరం కేసు, అయిదు బల్లలు: హైస్కూలు పిల్లలకు వైద్యరంగాన్ని చూపించే పద్ధతి

ఆసుపత్రిలో ఎవరెవరు పనిచేస్తారని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే డాక్టరు, నర్సు, వార్డుబాయ్ అంటారు. అంతకు మించి పేర్లు రావు. ల్యాబ్ టెక్నీషియన్ వాళ్లకు 'రక్తం తీసే అతను', ఫార్మసిస్టు 'మందుల షాపతను'. పదో తరగతి సెలవుల్లో గ్రూపు ఎంచుకునేటప్పుడు కూడా చాలా ఇళ్లలో ఇంతే తెలుసు. బైపీసీ అంటే ఎంబీబీఎస్, సీటు రాకపోతే రెండేళ్లు వృథా అనే లెక్క అక్కడే పుడుతుంది.

దీనికి బళ్లలో మామూలుగా చేసేది ఒక పెద్ద డాక్టరును పిలిచి గంటసేపు మాట్లాడించడం. పిల్లలు చప్పట్లు కొడతారు, మర్నాటికి మరిచిపోతారు. దానికన్నా ఒక కేసును పట్టుకుని, ఆ కేసులో ఒక్కొక్కరు చేసే పనిని పిల్లల చేత చేయించడం మేలు. ఆరేళ్ల పాప, 20 కిలోల బరువు, మూడు రోజులుగా జ్వరం, డెంగీ అనుమానం. వానాకాలంలో మన ఊళ్లలో ఇలాంటి కేసు తెలియని ఇల్లు ఉండదు.

నలభై మంది పిల్లలకు అయిదు బల్లలు, బల్లకు ఎనిమిది మంది, ఒక్కో బల్ల దగ్గర 20 నిమిషాలు చాలు. ఒక పూటలో అయిపోతుంది. తొమ్మిదో తరగతి రెండో సగం సరైన సమయం. పదిలోకి వచ్చాక స్పెషల్ క్లాసుల మధ్య ఎవరూ ఒప్పుకోరు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు హెడ్మాస్టరు రెండు వారాల ముందే ఉత్తరం ఇవ్వాలి. బుధ, శనివారాలు పెట్టుకోవద్దు, అవి టీకాల రోజులు, ఏఎన్ఎంలు దొరకరు. డాక్టరు రాకపోయినా ఫర్వాలేదు గానీ ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, నర్సు తప్పకుండా రావాలి. ఉపన్యాసం అయిదు నిమిషాలు దాటకూడదని ముందే చెప్పండి. చెప్పకపోతే అరగంట దాటుతుంది.

మొదటి బల్ల ఏఎన్ఎంది. నాడి, బీపీ. నాడి బొటనవేలితో పట్టుకోకూడదు, బొటనవేలిలో మన నాడే కొట్టుకుంటూ అయోమయం చేస్తుంది. చూపుడు, మధ్య వేళ్లు మణికట్టు మీద బొటనవేలి వైపున ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, మాట్లాడకూడదు. పెద్దల కఫ్ సన్న చేతుల పిల్లలకు చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, చిన్న కఫ్ లావు చేతికి బిగిస్తే ఎక్కువ చూపిస్తుంది. రెండు సైజులు తెప్పించి ఒకే పిల్లవాడికి రెండూ చుట్టి చూపిస్తే ఇక వివరించక్కర్లేదు. ఎవరి బీపీ ఎంతో, బరువు ఎంతో బోర్డు మీద రాయకండి, పైకి చదవకండి. ఆ వయసులో అది ఏడాదంతా వెక్కిరింతకు పనికొస్తుంది.

రెండో బల్ల ల్యాబ్‌ది. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వొచ్చు. నిజం రక్తం అక్కర్లేదు, తీయనూ వద్దు. ఖాళీ ట్యూబులు నాలుగు రంగుల మూతలతో పెడితే చాలు: ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ చూసే సీబీపీకి ఊదా మూత, సీరమ్ (రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవం) పరీక్షలకు ఎరుపు, రక్తం గడ్డకట్టే సమయానికి నీలం, షుగర్‌కు బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఆపేది అదే. శాంపిల్ పోయగానే ట్యూబును మెల్లగా ఎనిమిది పది సార్లు తలకిందులు చేయాలి. చేయకపోతే లోపల సన్నగా గడ్డలు కడతాయి, ప్లేట్‌లెట్లు ఆ గడ్డల్లో చిక్కుకుంటాయి, మిషన్ వాటిని లెక్కపెట్టదు. లక్షన్నర ఉన్న పాపకు నలభై వేలని రిపోర్టు వస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో పిల్లలకే తెలుసు.

దీన్ని చూపించడానికి ఒక చిన్న ఏర్పాటు చాలు. ముందు రోజు రాత్రి రెండు గాజు గొట్టాల అడుగున ఫుడ్ కలర్ రెండు చుక్కలు వేసి ఆరబెట్టండి. మర్నాడు రెండింట్లోనూ నీళ్లు గోడ వెంబడి నిదానంగా పోయాలి, పైనుంచి పోస్తే రంగు దానంతటదే కలిసిపోయి ప్రయోగం చెడుతుంది. ఒకటి కదపకుండా ఉంచండి, రెండోది మూతపెట్టి ఎనిమిది సార్లు తిప్పండి. ఒకదాంట్లో రంగు అడుగున పేరుకుని ఉంటుంది, ఇంకోదాంట్లో నీళ్లంతా ఒకే రంగు. ఊదా ట్యూబులోని రక్తాన్ని ఎరుపు ట్యూబులోకి ఒంపితే పొటాషియం తప్పుగా ఎక్కువ, కాల్షియం తప్పుగా తక్కువ వస్తాయని టెక్నీషియన్ చేతే చెప్పించండి. ట్యూబులో ఉన్నది పొటాషియంతో కలిసిన ఈడీటీఏ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కెమిస్ట్రీ పాఠం ఎందుకని అడిగే పిల్లలకు ఇదే జవాబు.

మూడో బల్ల ఫార్మసిస్టుది, ఇక్కడ పని అంతా లెక్కలే. పారాసిటమాల్ డోసు కిలోకు 15 మిల్లీగ్రాములు అనుకుంటే 20 కిలోల పాపకు ఒక్కసారికి 300 మిల్లీగ్రాములు. సిరప్ రెండు రకాలుగా దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండేది, 250 ఉండేది. మొదటిదైతే 12 మిల్లీలీటర్లు పట్టాలి, రెండోదైతే 6 చాలు. సీసా మారిందని చూసుకోకుండా అదే 12 పడితే డోసు రెట్టింపు. రెండు ఖాళీ అట్టపెట్టెలు చేతికిచ్చి తేడా ఎక్కడ రాసుందో వెతకమనండి. చాలామందికి వెంటనే దొరకదు. ఇంటి నుంచి చెంచాలు తెప్పించి, సూది లేని సిరంజితో ఒక్కోదాంట్లో ఎన్ని నీళ్లు పడతాయో కొలిపించండి, సిరప్‌తో వచ్చే కొలత మూత ఎందుకు పారేయకూడదో అర్థమవుతుంది. డెంగీ అనుమానమున్నప్పుడు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఎందుకు ఇవ్వకూడదో, అంటే రక్తస్రావం భయం గురించి కూడా ఫార్మసిస్టే చెప్పాలి.

నాలుగో బల్ల వార్డు నర్సుది. ఖాళీ సెలైన్ సీసాలో నీళ్లు నింపి, సూది తీసేసిన డ్రిప్ సెట్ తగిలించి, కింద బకెట్ పెట్టండి. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కించాలి. సెట్ కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంటుంది. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. గడియారం చూస్తూ చక్రం తిప్పి 15 సెకన్లకు పది, పదకొండు చుక్కలు పడేలా సర్దాలి. అదే పిల్లల మైక్రోడ్రిప్ సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు, అంటే నిమిషానికి 125. సెట్ మార్చి చుక్కలు మార్చకపోతే సెలైన్ మూడో వంతే ఎక్కుతుంది. డెంగీలో తక్కువైనా ప్రమాదమే, ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ప్రమాదమే. నర్సు పని ఇంజక్షన్లు వేయడమేననే మాట ఈ బల్ల దగ్గర ఆగిపోతుంది. మగపిల్లల్ని ఇక్కడ వెనక్కి జారనివ్వకండి.

అయిదో బల్ల 108 సిబ్బందిది, సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం. పెద్దవాళ్లకైతే నొక్కే లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120, మోచేతులు వంగకూడదు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. సీపీఆర్ నేర్పే బొమ్మ దొరక్కపోతే ఈ బల్ల తీసేయండి. పిల్లలు ఒకరి ఛాతీ మీద ఒకరు చేయడం అసలే కుదరదు. మన 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అంబులెన్సులో డ్రైవరు కాక ఉండే రెండో మనిషి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అని, అది కూడా ఒక చదువేనని ఇక్కడ చెప్పాలి.

ఇదంతా అయ్యాకే కోర్సుల సంగతి ఎత్తాలి. ముందే ఎత్తితే కాగితం మీద పేర్లుగానే మిగులుతాయి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడు, ఏఎన్ఎం రెండు. డీఫార్మసీ రెండేళ్లు, బీఫార్మసీ నాలుగు, ఫార్మ్‌డీ ఆరు. బీఫార్మసీ సీటు ఈఏపీసెట్ ర్యాంకుతో వస్తుంది, ఎంపీసీ వాళ్లూ అర్హులే. కాబట్టి ఎంపీసీ తీసుకుంటే వైద్యరంగం మొత్తం మూసుకుపోయినట్టు కాదు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) తీసుకున్నవాళ్లు తర్వాత పైచదువులకు వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. ఈ మాట చేరేటప్పుడే చెప్పాలి, పాసయ్యాక కాదు. ఫిజియోథెరపీ, ల్యాబ్, ఆప్టోమెట్రీ లాంటి కోర్సులకు 2021 చట్టంతో జాతీయ కమిషన్ వచ్చింది. వాటి కాలవ్యవధి, ప్రవేశ పద్ధతి మారుతున్నాయి, సీనియర్లు చెప్పింది కాకుండా ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

జీతం ఎంత, నైట్ డ్యూటీలు ఎన్ని, చదువుకు ఎంత ఖర్చయింది అని అతిథుల్ని పిల్లలే అడగాలి. టీచర్లు ఇబ్బందిపడి ఆపకూడదు.

తల్లిదండ్రుల కోసం రెండు విషయాలు కాగితం మీద రాసి పంపండి. ఒకటి, కాలేజీలో ఫీజు కట్టే ముందు గుర్తింపు చూసుకోవాలి: నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, పారామెడికల్ డిప్లొమాలకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు. గుర్తింపు లేని చోట చదివితే సర్టిఫికెట్ చేతికొస్తుంది గానీ రిజిస్ట్రేషన్ కాదు, అది లేకపోతే ఉద్యోగం లేదు. రెండోది వయసు. ఎంబీబీఎస్ ప్రవేశపరీక్ష నీట్‌కు, ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. 2027లో పది రాసే పిల్లలు మామూలుగా 2029లో నీట్ రాస్తారు, అంటే 2012 డిసెంబరు 31లోపు పుట్టి ఉండాలి. చిన్నప్పుడు తొందరగా బడిలో వేసిన పిల్లలకు ఇక్కడే ఏడాది పోతుంది. పుట్టినతేదీ పది మెమోలో ఎలా పడితే అలాగే చెల్లుతుంది కాబట్టి, తొమ్మిదిలో ఉండగానే బడి రిజిస్టరులో ఏముందో వెళ్లి చూసుకోమనండి.