మొదటి పేపరులో సున్నా, చివరి ఏడాది థీసిస్: నా అనుభవం

మా రేపల్లె ప్రాంతం నుంచి అమెరికా వెళ్లినవారికి కొదవ లేదు. అయితే వారిలో దాదాపు అందరూ ఇక్కడ బి.టెక్. పూర్తిచేసుకుని, ఎం.ఎస్. కోసం పెద్ద పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవారే. ఇంటర్ ఎంపీసీ కాగానే, ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో, రెండు వేల మంది విద్యార్థులైనా లేని ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరినదాన్ని మా బంధువుల్లో నేనొక్కదాన్నే. అక్కడి ఫీజు మా కుటుంబం మోయగలిగేది కాదు. నాన్నగారి ఆదాయం, ఉన్న పొలం, బ్యాంకు అప్పు, అన్నీ సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తులో నింపి పంపిన మీదట, ఫీజులో ఎక్కువ భాగాన్ని గ్రాంటుగా ఇవ్వడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకుంది కాబట్టే వెళ్లగలిగాను. నేనిక్కడ చెప్పదలచుకున్నది చేరిన తరువాతి సంగతి.

"అమ్మాయికి ఏ బ్రాంచి వచ్చింది?" అని అడిగినవారికి నాన్నగారు ఏమీ చెప్పలేకపోయేవారు, ఎందుకంటే అక్కడ చేరేటప్పుడు బ్రాంచి అనేదే ఉండదు. సెమిస్టరుకు నాలుగు చొప్పున నాలుగేళ్లలో 32 కోర్సులు పూర్తిచేయాలి. వాటిలో ప్రకృతి శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, సాహిత్యం, కళలు, ఒక పరాయి భాష, ఇలా ప్రతి విభాగం నుంచీ కొన్ని తప్పనిసరి. ప్రధాన విషయాన్ని, అంటే మేజర్‌ను, రెండో సంవత్సరం ముగిసేలోగా ప్రకటిస్తే చాలు. మొదటి సెమిస్టరులో నేను క్యాలిక్యులస్, జియాలజీ, స్పానిష్ తీసుకున్నాను. వీటితోపాటు కొత్తగా చేరిన ప్రతివారూ చేయవలసిన సెమినారు ఒకటి ఉంటుంది. మా సెమినారు విషయం కరువులు. పద్నాలుగు మందిమి ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. ప్రొఫెసరు గారు పాఠం చెప్పరు, ప్రశ్న వేసి ఊరుకుంటారు. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడడానికే నాకు నెల రోజులు పట్టింది.

మొదటి పేపరు అయిదు పేజీలు. 1943 నాటి బెంగాల్ కరువు కేవలం తిండిగింజల కొరత వల్ల వచ్చినది కాదని, గింజలు ఉన్నా వాటిని కొనుక్కునే శక్తి కూలీలు, జాలరులు వంటివారికి లేకుండా పోవడం వల్ల వచ్చిందని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చేసిన వాదనను వివరించి, దానిపై మా అభిప్రాయం రాయాలి. నేను మూడు రాత్రులు కూర్చుని రాశాను. చదివిన వ్యాసాల్లో బాగున్న వాక్యాలను ఏరి, వరుసగా అమర్చి, ఆ వ్యాసాల పేర్లన్నీ చివర రాశాను. విజయవాడలోని హాస్టల్లో రెండేళ్లు చదివినప్పుడు, పుస్తకంలో ఉన్నది మక్కీకి మక్కీ రాసిన జవాబుకే పూర్తి మార్కులు వచ్చేవి. సొంత మాట కలిపితే మార్కు పోయేది. కాబట్టి నేను రాసినది మంచి పేపరని నిజంగా నమ్మాను.

వారం తరువాత ప్రొఫెసరు గారు తన గదికి రమ్మన్నారు. నా పేపరునూ ఆ వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి, కలిసిన చోటల్లా పెన్సిలుతో గీతలు గీసి ఉంచారు. అయిదు పేజీల్లో గీత లేనివి పదకొండు వాక్యాలు, నేను లెక్కపెట్టాను. చివర పేరు రాసినంత మాత్రాన సరిపోదనీ, ఎవరి మాటనైనా ఉన్నదున్నట్టు వాడితే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అక్కడికక్కడే ఫుట్‌నోట్ ఇవ్వాలనీ, నిబంధన ప్రకారం ఈ విషయాన్ని, చదువులో నిజాయితీకి సంబంధించిన ఫిర్యాదులు విచారించే అకడమిక్ ఇంటెగ్రిటీ కమిటీకి నివేదించక తప్పదనీ ఆమె నెమ్మదిగా చెప్పారు. నా చేతులు వణికాయి. దొంగతనం చేశానన్న మాట ఆమె అనలేదు కానీ నాకు అదే వినిపించింది.

అప్పటి నుంచి విచారణ దాకా గడిచిన పన్నెండు రోజుల్లో నేను ఇంటికి ఏమీ చెప్పలేదు. నన్ను ఎక్కువగా భయపెట్టింది వీసా. విదేశీ విద్యార్థుల కార్యాలయంలోని సలహాదారు కూర్చోబెట్టి వివరంగా చెప్పాక కాస్త స్థిమితపడ్డాను. ఒక పేపరులో సున్నా వచ్చినా, ఒక కోర్సులో తప్పినా ఎఫ్-1 హోదా, అంటే విద్యార్థి వీసా హోదా, పోదు. అనుమతి లేకుండా సెమిస్టరుకు 12 క్రెడిట్ల కంటే తగ్గితేనో, విశ్వవిద్యాలయం సస్పెండ్ చేస్తేనో ఐ-20 మీద, అంటే ఆ హోదాకు ఆధారంగా విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం మీద, ప్రభావం పడుతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే కొన్ని రాత్రులైనా నిద్రపోయేదాన్ని. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవారు, తోటి విద్యార్థులు చెప్పే మాటల మీద ఆధారపడకుండా, ముందు ఆ కార్యాలయానికే వెళ్లాలని గట్టిగా చెబుతాను.

కమిటీలో ముగ్గురు అధ్యాపకులు, ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. ముందుగా ఒక పేజీ వివరణ రాసి ఇవ్వమన్నారు. "నాకు తెలియదు" అని రాసి ఊరుకోవచ్చు గానీ, కోర్సు మొదట్లో ఇచ్చిన సిలబస్ కాగితంలో ఆ నిబంధన ఉందని, నేను చదివీ అర్థం చేసుకోలేదని ఒప్పుకుంటూ, మా పరీక్షల్లో జవాబు ఎలా రాస్తామో వివరించాను. నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ పేపరుకు సున్నా, సెమిస్టరు ముగిసేదాకా పేపర్లు రాయడంలో సాయపడే రైటింగ్ సెంటరుకు ప్రతి వారం వెళ్లాలన్న షరతు, ఇవీ వారి నిర్ణయాలు. సున్నా గురించి చాలా రోజులు ఏడ్చాను. ఆ షరతు మాత్రం నా చదువునే మార్చివేసింది.

రైటింగ్ సెంటరులో కూర్చునేది పై తరగతుల విద్యార్థులే. నాకు కేటాయించిన అమ్మాయి తత్వశాస్త్రం చదివేది. ఆమె నా చేత పుస్తకం మూయించి, "ఇప్పుడు చదివినదేమిటో చెప్పు" అనేది. నాకు నోట మాట వచ్చేది కాదు. పుస్తకం తెరిచి ఉంటే అంతా తెలిసినట్టే ఉండేది, మూస్తే ఏమీ మిగిలేది కాదు. మూడో వారంలో అనుకుంటాను, "నీ భాషలోనే చెప్పు, నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు" అంది. తెలుగులో మొదలుపెట్టాను. పంట పండినా కూలి దొరకనివాడికి గాదెలో గింజ ఉండి ఏం లాభం అని, మా ఊళ్లో మాట్లాడుకునే తీరులోనే చెప్పాను. చెబుతూ ఉండగా సేన్ వాదనలో నాకు ఒప్పుదల కాని చోటు కూడా తగిలింది. ఆ తరువాత దాన్నే ఇంగ్లీషులో రాసుకున్నాను. అప్పటి నుంచి నా నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నిలువుగా గీత గీసి, ఎడమవైపు రచయిత మాటలను పేజీ నంబరుతో కొటేషన్ గుర్తుల మధ్య, కుడివైపు నా మాటలను తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాయడం అలవాటు చేసుకున్నాను. పేపరు రాసేటప్పుడు కుడివైపు నుంచే మొదలుపెట్టేదాన్ని.

రెండో ఏడాది చివర మేజర్ ప్రకటించవలసి వచ్చినప్పుడు నాకు చరిత్ర కావాలనిపించింది. ఇంట్లో అది పెద్ద గొడవే అయింది. నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. చదువయ్యాక ఎఫ్-1 విద్యార్థులు ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని విషయాలు చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది, చరిత్రకు అది లేదు. మా విశ్వవిద్యాలయం ఎకనామిక్స్‌ను గణాంక పద్ధతులతో కూడిన స్టెమ్ కోడ్ కింద నమోదు చేసిందని తెలుసుకుని, రెండూ కలిపి డబుల్ మేజర్ చేశాను. ఐ-20లో ఆ మార్పు నమోదు చేయించుకున్నాను. వారానికి పన్నెండు గంటలు లైబ్రరీలో పని. క్యాంపస్‌లో 20 గంటల దాకా అనుమతి ఉంది కానీ అంతకంటే నా వల్ల కాలేదు.

చివరి ఏడాది రెండు సెమిస్టర్ల థీసిస్‌కు నేను తీసుకున్నది 1832–33 నాటి గుంటూరు కరువు, మనవాళ్లు నందన నామ సంవత్సరం పేరు మీద నందన కరువు అని పిలుచుకున్నది. సెమినారులో బెంగాల్ గురించి చదివిన నాకు, మా జిల్లా కరువు గురించి ఒక్క ముక్కా తెలియదన్న బాధ మూడేళ్లు లోపలే ఉండిపోయింది. 1883లో మద్రాసులో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్‌తో మొదలుపెట్టాను. వేసవిలో విశ్వవిద్యాలయం ఇచ్చిన చిన్న గ్రాంటుతో, ప్రొఫెసరు గారి పరిచయ లేఖ పట్టుకుని, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అయిదు వారాలు కూర్చున్నాను. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం తలదూర్చకూడదన్న వాదన ఈస్టిండియా కంపెనీ అధికారుల చేతిరాతలో కళ్లెదుట కనిపించినప్పుడు, కాగితం మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ కరువుకూ, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకూ, 1855లో బెజవాడ దగ్గర పూర్తయిన కృష్ణా ఆనకట్టకూ మధ్య ఉన్న ఇరవై ఏళ్లలో అధికారుల ఆలోచన ఎలా మారిందన్నది నా ప్రశ్న.

తొంభై పేజీలు, రెండు వందల పైచిలుకు ఫుట్‌నోట్లు. మొదటి ముసాయిదాలో రెండో అధ్యాయాన్ని పూర్తిగా కొట్టివేయమన్నారు. మళ్లీ రాశాను. ఏప్రిల్‌లో మౌఖిక పరీక్ష జరిగింది. పరీక్షకులుగా వచ్చిన వారిలో నా మొదటి పేపరు మీద పెన్సిలు గీతలు గీసిన ప్రొఫెసరు గారు కూడా ఉన్నారు. ఆమె గంటసేపు నా వాదనలోని లోపాల గురించే అడిగారు, సగానికి నా దగ్గర సమాధానాలు ఉన్నాయి.

లైబ్రరీకి తుది ప్రతి ఇవ్వడానికి పది రోజుల ముందు ఒక ప్రతిని ఇంటికి పంపాను. నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా పటాలన్నీ చూసి ఫోన్ చేశారు. నేను గీసిన పటంలో మా ఊరి పంట కాలువ ఊరికి తూర్పున ఉంది, నిజానికి అది పడమర పోతుంది. పటం మార్చి, కింద ఆ సవరణ ఎవరు చెప్పారో ఫుట్‌నోట్‌లో రాసి, తుది ప్రతి ఇచ్చాను.