జూన్ 19, గురువారం

సెలవే గానీ పొద్దున ఏడింటికి హైదరాబాద్ టీమ్‌తో కాల్ తప్పలేదు. ఈ సెలవు అమెరికా వాళ్లకే కదా! అది అయ్యీ కాగానే అమ్మ ఫోన్. “ఇంట్లోనే ఉన్నావేంట్రా, ఒంట్లో బాగానే ఉందా?” అంది. జూన్‌టీన్త్ అన్నాను. “అదేం పండగ?”

చెప్పాను. అంతర్యుద్ధం నడుస్తుండగా, తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల్లోని బానిసలకు విముక్తి అని లింకన్ 1863 జనవరి 1న ప్రకటించాడు. టెక్సస్‌లో దాన్ని అమలు చేయించేంత ఉత్తరాది సైన్యం లేదు. 1865 జూన్ 19న, మా హ్యూస్టన్‌కి దిగువనున్న గాల్వెస్టన్‌లో ఉత్తరాది సైన్యపు జనరల్ గ్రాంజర్ ఆర్డరిస్తే గానీ ఇక్కడి రెండున్నర లక్షల మంది సంగతి కదల్లేదు.

“అయితే ఆ రెండున్నరేళ్ల కూలి ఇచ్చారా?”

లేదన్నాను. కొందరు యజమానులు ఆ జూన్ తర్వాత కూడా పత్తి తీతలు అయ్యేదాకా నోరు విప్పలేదనీ చెప్పాను. “మరే, తీతల ముందు చెబితే మనుషులు దొరుకుతారా!” అంది. గుంటూరు జిల్లాలో ఏళ్ల తరబడి పత్తి వేసిన ఇల్లు మాది. ఆవిడకి ఇంకేం విడమరచక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాక ఆ ఆర్డర్ తీసి చదివాను. చిన్నదే. వ్యక్తిగత హక్కుల్లో, ఆస్తి హక్కుల్లో సంపూర్ణ సమానత్వం అని ఘనంగా మొదలవుతుంది. ఆ వెంటనే, ఉన్నచోటే గప్‌చిప్‌గా ఉండి కూలికి పనిచేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడొద్దు, పనీపాటా లేకుండా కూర్చుంటే పోషించేది లేదు అంటుంది. అన్నాళ్లూ ఊరికే చాకిరీ చేయించుకుని వాళ్లకే సోమరితనం గురించి సుద్దులు!

సాయంత్రం ఎండ తగ్గాక పిల్లల్ని థర్డ్ వార్డ్‌లోని ఇమాన్సిపేషన్ పార్కుకి తీసుకెళ్లాను. తగ్గిందంటే మాటవరసకే, చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎర్ర సోడా తాగి మావాడి నాలుక, పెదాలు, బనీను అన్నీ ఎరుపే. ఈ పండక్కి తిండీ పానీయం ఎర్రగా ఉండాలి. చిందిన రక్తానికి గుర్తని కొందరంటారు. ఈ పదెకరాలూ విముక్తులైన వాళ్లే చందాలేసుకుని 1872లో కొన్నారు, ఏటా ఈ రోజు జరుపుకోవడానికి. బానిసత్వం నుంచి బయటపడి ఏడేళ్లే, చేతిలో ఏపాటి డబ్బుంటుంది? రాష్ట్రం అధికారిక సెలవిచ్చింది 1980 నుంచి, దేశం 2021లో. ఆ దేశవ్యాప్త సెలవు కోసం ఫోర్ట్‌వర్త్‌కి చెందిన ఓపల్ లీ అనే పెద్దావిడ 89 ఏళ్ల వయసులో నడక మొదలుపెట్టింది, ఆలస్యమైన రెండున్నరేళ్లకు గుర్తుగా రెండున్నరేసి మైళ్లు.

పార్కు ముందు వీధి పేరు ఇప్పుడు ఇమాన్సిపేషన్ అవెన్యూ. 2017 దాకా అది డౌలింగ్ స్ట్రీట్. డౌలింగ్ అంటే, బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యంలో ఒక అధికారి.