నాలుగో శనివారం, మినుము అదును

నవంబర్ 23, శనివారం.

తెల్లవారుజామున బెజవాడలో రైలెక్కి, ఏడు కాకముందే తెనాలిలో దిగాను. బాబాయ్ స్టేషన్ బయట బండి మీద ఉన్నాడు. "అదును కుదిరింది అబ్బాయ్, ఇవాళే చల్లేద్దాం" అన్నాడు.

కోతకొచ్చిన వరి చేలో నీళ్లు పది రోజుల కిందటే తీసేశారు. వరి కోయకముందే, నేలలో పదును ఉండగానే మినుము చల్లాలి. బాబాయ్ గట్టు దిగి మడిలో అడుగేసి చూపించాడు. మడమ ముద్ర పడింది, అందులో నీరు మాత్రం ఊరలేదు. ఈ పదును మహా అయితే రెండు మూడు రోజులుంటుంది. నిరుడు అది బుధవారం వచ్చింది, నేను రాలేకపోయాను.

బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవులయ్యాయి. ఆ సెలవులు చూసుకునే, నాన్న పోయాక ఈ రెండెకరాలు కౌలుకివ్వకుండా నేనే చేయిద్దామనుకున్నాను. బాబాయ్ లేకపోతే ఆ ధైర్యం కూడా చాలేది కాదు.

ఎకరానికి 18 కిలోల లెక్కన 36 కిలోల మినుములు. పిన్ని రాత్రే విత్తనశుద్ధి మందు పట్టించి నీడలో ఆరబెట్టింది. మంచు ఆరేదాకా ఆగాం. తడి ఆకుల మీద పడితే గింజ అతుక్కుపోతుంది, నేల దాకా దిగదు. తొమ్మిది దాటాక పంచె ఒడి కట్టుకుని సాంబ మసూరి చేలోకి దిగాను. పండిన కంకులు నడుముకు రాసుకుంటుంటే, గింజలు ఆకుల మధ్య నుంచి చిటపటమంటూ నేలకు జారుతున్న చప్పుడు. ఆ చప్పుడు కోసమైనా ఎంత దూరమైనా వస్తాను.

తూర్పు మూల చేను పడిపోయింది. అక్కడ పైనుంచి చల్లితే లాభం లేదు. బాబాయ్ దుబ్బులు పైకెత్తి పట్టుకుంటే, నేను వంగి కింద గింజలు వేస్తూ పోయాను. ఆ పది సెంట్లకే గంటన్నర పట్టింది.

మిషన్ కోత పెడితే టైర్ల కింద విత్తనం అణిగిపోతుందని కూలీలనే మాట్లాడాం. సోమవారం కోత. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, పనలు తడుస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఆ రోజు నేను కౌంటర్లో ఉంటాను. బాబాయ్ ఒక్కడే కూలీలను చూసుకోవాలి, ఆకాశాన్నీ చూసుకోవాలి.

నిరుడు మినుము బాగానే మొలిచింది. సంక్రాంతి తర్వాత బ్రాంచిలో ఆడిట్ పడి మూడు వారాలు ఊరికి రాలేదు. బాబాయ్‌కి ఆ రోజుల్లో జ్వరం. నేను వచ్చేసరికి పల్లాకు తెగులు సగం చేను పాకింది. లేత ఆకుల మీద పసుపు మచ్చలు మొదటి వారంలోనే కనిపించి ఉంటాయి. అప్పుడే ఆ మొక్కలు పీకేసి, తెగులును మోసే తెల్లదోమకు మందు కొట్టించి ఉంటే అంత నష్టం జరిగేది కాదు. ఆ తప్పు నాదే.

తిరుగు రైల్లో సెలవుల లెక్క చూసుకున్నాను. నాలుగు రోజులు జనవరికి అట్టిపెట్టాను. డిసెంబరులో పెళ్లికి రమ్మన్న స్నేహితుడికి రాలేనని రైల్లోంచే ఫోన్ చేసి చెప్పాను.